అలమర కట్టించే ముందు 28 రోజులు

శ్రోతలకు నమస్కారం. మన విశాఖ పక్కనే తొట్లకొండ బౌద్ధారామం తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. అలాంటి నాణేలను కొత్త ప్లైవుడ్ అలమరలో ఉన్ని బట్ట పరిచి, అద్దం బిగించి పెట్టారనుకోండి. కొన్నాళ్లకు సీసం మీద తెల్లటి పొడి లేస్తుంది, వెండి నల్లబడుతుంది. సముద్రపు గాలి వల్ల అనుకుంటాం. గాలిలో తేమ ఎక్కువైతే లోహం త్వరగా చెడే మాట నిజమే. కానీ చెక్క నుంచి ఎసిటిక్ ఆమ్లం, ప్లైవుడ్ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్, ఉన్ని నుంచి గంధకపు ఆవిర్లు వస్తాయి. అద్దం ఎంత బిగుతుగా మూస్తే అవి లోపల అంతగా పేరుకుంటాయి. ముక్కుకు వాసన తగలలేదని ధీమా పడకూడదు.

దీన్ని ముందే కనిపెట్టడానికి ఆడీ పరీక్ష ఉంది. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఆండ్రూ ఆడీ 1973లో దీన్ని వెలుగులోకి తెచ్చారు. 50 మిల్లీలీటర్ల గాజు గొట్టంలో పరీక్షించే పదార్థం 2 గ్రాములు, చిన్న ముక్కలుగా చేసి వేయాలి. ఇంకో బుల్లి గొట్టంలో అర మిల్లీలీటరు డిస్టిల్డ్ వాటర్ పోసి, మూతికి దూది పెట్టి, ఆ పెద్ద గొట్టంలోనే నిలబెట్టాలి. నీళ్లు ముక్కలకు తగలకూడదు. కుళాయి నీళ్లు వద్దు, అందులోని క్లోరిన్ రాగి మీద పనిచేస్తుంది. వెండి, సీసం, రాగి రేకులు వేలిగోరంతవి తీసుకుని, మెరిసేలా రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి, పెద్ద గొట్టాన్ని మూసే సిలికాన్ మూతకు లోపలివైపు పెట్టిన గాట్లలో ఒకదానికొకటి తగలకుండా గుచ్చాలి. ఒక్కో లోహానికి ఒక్కో బ్రష్ వాడాలి. ఒట్టి చేత్తో ముట్టుకుంటే వేలిముద్రే మచ్చగా తేలుతుంది. పైగా సీసం విషం, చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి.

గొట్టాన్ని 60 డిగ్రీల ఓవెన్‌లో 28 రోజులు ఉంచాలి. పక్కనే పదార్థం వేయని గొట్టం ఒకటి, మిగతాదంతా అచ్చం అలాగే అమర్చి పెట్టాలి. ఇది లేని పరీక్షను లెక్కలోకి తీసుకోకూడదు. ఎందుకంటే ఆ వేడికి, ఆ తేమకు రాగి తనంతట తానే కొంచెం రంగు మారుతుంది. ఖాళీ గొట్టంలోని రేకుతో పోల్చి చూస్తేనే పదార్థం చేసిన హాని ఎంతో తెలుస్తుంది. మూత వదులై నీళ్లు ఆవిరైపోతే మాత్రం, రేకులు ఎంత మెరుస్తున్నా ఆ ఫలితం చెల్లదు. మళ్లీ మొదటి నుంచి పెట్టాల్సిందే.

సీసం తెల్లబడితే ఆమ్లం, వెండి నల్లబడితే గంధకం ఉన్నట్టు. రాగి రేకు అయితే క్లోరైడ్లను కూడా పట్టిస్తుంది. ఏ మార్పూ లేకపోతే ఆ పదార్థాన్ని శాశ్వత ప్రదర్శనకు వాడొచ్చు. కొద్దిపాటి మార్పు ఉంటే ఆరు నెలల లోపు ప్రదర్శనకే. స్పష్టంగా పాడైతే వద్దు.

ప్రదర్శన ప్రారంభోత్సవం తేదీ ఖరారయ్యాక చెక్క తెప్పిస్తే ఈ పరీక్షకు వ్యవధి దొరకదు. అద్దాల అంచులకు పూసే సిలికాన్‌లో వెనిగర్ వాసన వచ్చే, అంటే ఎసిటిక్ ఆమ్లం వదిలే రకం అసలు కొనొద్దు, న్యూట్రల్ రకం అడగండి. ఒకసారి నెగ్గిన ప్లైవుడ్ అయినా కొత్త లాటు వస్తే మళ్లీ పరీక్షించాలి. జిగురు ఎప్పుడు మార్చారో కొట్టువాడు మనకు చెప్పడు. పరీక్షించిన ప్రతి పదార్థంలోనూ ఒక ముక్కను తేదీ రాసి, విడి కవరులో దాచి ఉంచండి.