గడ్డి కోసే మిషన్‌కి స్టార్టర్ తాడు మార్చడం: స్ప్రింగు జోలికి పోకుండా

[దృశ్యం: బల్ల మీద టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్. హ్యాండిల్‌తో పాటు తెగి ఊడొచ్చిన తాడు ముక్క.]

తాడు తెగిందని మొత్తం స్టార్టర్ కొనక్కర్లేదు. కావలసింది మీటరు తాడు, అరగంట సమయం. మధ్యలో తాడును వెనక్కి చుట్టే స్ప్రింగు బయటికి ఎగిరిందంటే మాత్రం ఆ అరగంట పూట పని అవుతుంది. అందుకే స్ప్రింగును కదపని పద్ధతిలో చేద్దాం.

[దగ్గరగా: తెగిన కొన]

ముందు తాడు ఎక్కడ తెగిందో చూడండి. హ్యాండిల్ దగ్గర తెగితే, తాడు బయటికి వచ్చే రంధ్రం అంచు అరిగి కోస్తోందన్నమాట, లేదా తాడును పక్కకి వంచి లాగుతున్నారు. ఆ అంచును వేలితో తడిమి చూడండి. గరుకుగా ఉంటే సన్నని ఎమరీ పేపరుతో నున్నగా చేయండి. లేకపోతే కొత్త తాడూ అక్కడే తెగుతుంది. లోపల పుల్లీ (తాడు చుట్టుకునే చక్రం) ముడి దగ్గర తెగిందా? ప్రతిసారీ చివరి వరకూ లాగేస్తున్నారు.

[దృశ్యం: రెండు తాళ్లు పక్కపక్కన]

పశువులను కట్టే ప్లాస్టిక్ తాడు వేయకండి. రాపిడికి వేడెక్కి పోగులు లేస్తుంది. స్టార్టర్ కోసమే అల్లిన గట్టి నైలాన్ తాడు స్ప్రేయర్లు రిపేరు చేసే షాపుల్లో దొరుకుతుంది. చాలా మిషన్లకు 3 నుంచి 3.5 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది, అయినా పాత ముక్క తీసుకెళ్లి చూపించండి. మందం ఎక్కువైతే పుల్లీ గాడిలో ఇరుక్కుంటుంది. పొడవుకి పాత ముక్కలన్నీ కలిపి కొలవండి.

[దృశ్యం: ప్లగ్ క్యాప్ తీయడం]

ఇంజిను చల్లారాక ప్లగ్ క్యాప్ (స్పార్క్ ప్లగ్ మీది టోపీ) తీసేయండి. స్టార్టర్ కవర్ బోల్టులు విప్పి కవర్ బయటికి తీయండి. పుల్లీ మధ్యలో ఉన్న స్క్రూని ముట్టుకోవద్దు. దాని కిందే స్ప్రింగు ఉంటుంది. ముడి కూర్చునే గుంట మీ మిషన్‌లో పుల్లీ అడుగున ఉంటే తప్ప అది విప్పాల్సిన పని లేదు. కంటికి అద్దాలు పెట్టుకోండి.

పాత ముడి తీసేసి, పుల్లీని వేలితో మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడండి. ఒక వైపు బిగుసుకుంటుంది. తాడు లాగినప్పుడు పుల్లీ తిరిగేది అటే. రెండో వైపు బలంగా తిప్పితే స్ప్రింగు కొక్కెం ఊడుతుంది, జాగ్రత్త.

[దగ్గరగా: పుల్లీ తిప్పుతున్న చెయ్యి]

బిగుసుకునే వైపు మెల్లగా ఆగేదాకా తిప్పండి. అక్కడి నుంచి కనీసం అర చుట్టు వెనక్కి వదిలి, పుల్లీ రంధ్రం కవర్ రంధ్రానికి ఎదురుగా రాగానే గ్రిప్ ప్లేయర్‌తో పట్టి ఆపండి. ఈ అర చుట్టే స్ప్రింగుకి ప్రాణం. అది లేకపోతే తాడు చివరికి వచ్చిన ప్రతిసారీ దెబ్బ స్ప్రింగు మీదే పడి విరుగుతుంది.

తాడు కొనను లైటర్‌తో కాల్చి, తడిగుడ్డతో నలిపి మొనలా చేయండి. కవర్ బయటి నుంచి లోపలికి, పుల్లీ రంధ్రంలోంచి దూర్చి, ఎనిమిది అంకె ముడి వేసి గుంటలోకి లాగండి. బయటి కొనకి హ్యాండిల్ తగిలించి ముడేయండి. ఇప్పుడు ప్లేయర్ తీసి, పుల్లీని చేత్తో ఆపుతూ వదలండి, తాడు దానంతట అదే చుట్టుకుంటుంది.

[దృశ్యం: పరీక్ష]

హ్యాండిల్ కవర్‌కి ఆనకుండా వేలాడుతోందా? తాడు పొడవెక్కువ, కొంచెం కత్తిరించండి. తాడు పూర్తిగా లాగి పట్టుకున్నాక పుల్లీ ఇంకో అర చుట్టు తిరగాలి. తిరగకపోతే స్ప్రింగు మరీ బిగిసింది, ఒక చుట్టు వదిలి మళ్లీ వేయండి.

కవర్ పెట్టేటప్పుడు తాడు కాస్త లాగితే స్టార్టర్ పళ్లు ఇంజిను వైపున్న కప్పులో సరిగ్గా కూర్చుంటాయి. బోల్టులన్నీ ముందు చేత్తో పట్టించి, తర్వాత ఎదురెదురుగా బిగించండి.

ప్లగ్ క్యాప్ పెట్టి స్టార్ట్ చేసేటప్పుడు, బరువు తగిలేదాకా నెమ్మదిగా లాగి, అక్కడి నుంచి ఒక్క ఊపున తిన్నగా లాగండి. తిరిగి వెళ్లేటప్పుడు హ్యాండిల్‌ను వదిలేయకండి, చేత్తోనే తీసుకెళ్లి పెట్టండి.