స్టెల్లారిస్ అప్‌డేట్ వచ్చింది, మరి మోడ్స్ సంగతేంటి? ఐరనీ మోడ్ మేనేజర్ రివ్యూ

హలో అండి. ఈసారి రివ్యూ గేమ్ మీద కాదు, గేమ్ అప్‌డేట్ అయినప్పుడు మన మోడ్స్‌ని (ఆడేవాళ్ళు తయారుచేసి గేమ్‌కి కలిపే మార్పుల్ని) కాపాడుకోడానికి పనికొచ్చే టూల్ మీద. పేరు ఐరనీ మోడ్ మేనేజర్. ఫ్రీ, ఓపెన్ సోర్స్, పారడాక్స్ అనే కంపెనీ గేమ్స్ కోసం చేసింది. నేను వాళ్ళ అంతరిక్ష స్ట్రాటజీ గేమ్ స్టెల్లారిస్ పెట్టి చూపిస్తాను, ఎందుకంటే అప్‌డేట్ దెబ్బంటే ఏంటో ఈ గేమ్ ఆడేవాళ్ళకి బాగా తెలుసు: 2018 చివర్లో 2.2 వచ్చి గ్రహాల మీద టైల్స్ (బిల్డింగులు కట్టే గళ్ళు) మొత్తం ఎత్తేసింది, 2025 మేలో 4.0 వచ్చి జనాభా లెక్కనే మార్చేసింది.

మోడ్ ఎందుకు పాడవుతుందో ముందు చూద్దాం. చాలా మోడ్స్ గేమ్‌లోని ఒక ఫైల్‌ని కాపీ చేసుకుని, మార్పులు చేసి, అసలు ఫైల్ బదులు దాన్ని నడిపిస్తాయి. అప్‌డేట్‌లో ఆ అసలు ఫైల్‌కి కొత్త లైన్లు చేరాయనుకోండి, మోడ్ దగ్గరున్న పాత కాపీకి అవేవీ తెలియవు. గేమ్ మామూలుగానే ఓపెన్ అవుతుంది, కానీ ఎక్కడో ఒక బటన్ ఉండదు, ఏదో ఒక బిల్డింగ్ కట్టలేం, అదేదో గేమ్ బగ్ అనుకుని మనం ఆడుతూ పోతాం. దీనికన్నా క్రాష్ అయితేనే నయం, వెంటనే తెలుస్తుంది కదా!

లాంచర్‌లో (గేమ్‌కి ముందు తెరుచుకునే విండోలో) మోడ్ పక్కన వచ్చే వార్నింగ్ గుర్తు చూసి టెన్షన్ పడకండి. అది చూసేది మోడ్ ఫైల్‌లో రాసిన వెర్షన్ నంబర్ మాత్రమే. పేర్ల లిస్టులు, జెండాల మోడ్స్ పాత నంబర్‌తోనే చాలావరకు హాయిగా నడుస్తాయి, నంబర్ మార్చి వదిలేసిన మోడ్ గుర్తేమీ లేకుండానే చచ్చి పడి ఉండొచ్చు.

ఇప్పుడు అసలు తంటా. "ప్రాబ్లమ్ వస్తే పాత వెర్షన్‌కి వెళ్ళిపోవచ్చులే" అంటారు. నిజమే, స్టీమ్‌లో (గేమ్స్ కొని నడిపించే యాప్‌లో) గేమ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, బీటాస్, అక్కడ స్టెల్లారిస్ పాత వెర్షన్లు వరసగా ఉంటాయి. గేమ్ వెనక్కి వెళ్తుంది, మరి మోడ్స్? స్టీమ్‌లో మోడ్స్ దొరికే చోటు, అంటే వర్క్‌షాప్, మామూలుగా ఇచ్చేది లేటెస్ట్ కాపీయే. మోడ్ చేసినాయన పాపం కష్టపడి కొత్త వెర్షన్‌కి మార్చేసరికి మీ దగ్గరున్న పాతది పోతుంది, చివరికి పాత గేమ్ మీద కొత్త మోడ్ మిగులుతుంది.

ఐరనీ నాకు నచ్చింది ఇక్కడే. మీ కలెక్షన్ (మీరు వాడే మోడ్స్ లిస్ట్) మొత్తాన్ని కలిపి మీ కంప్యూటర్‌లోనే ఉండే ఒకే లోకల్ మోడ్‌గా చేసే మర్జ్ ఆప్షన్ ఉంది. అలా చేసింది వర్క్‌షాప్‌ది కాదు కాబట్టి స్టీమ్ దాన్ని ముట్టుకోదు. సగంలో ఉన్న క్యాంపెయిన్‌ని పాత వెర్షన్‌లోనే పూర్తి చేయాలంటే ఇంతకన్నా తేలికైన దారి నాకు కనబడలేదు. డిస్క్‌లో చోటు మాత్రం తింటుంది, ఒక్క మోడ్ మార్చినా మళ్ళీ మర్జ్ చేయాల్సిందే. ఇదంతా వద్దనుకుంటే స్టీమ్‌ఆప్స్, వర్క్‌షాప్, కంటెంట్ లోపల స్టెల్లారిస్ మోడ్స్ ఉండే 281990 అనే ఫోల్డర్ ఉంటుంది, అప్‌డేట్‌కి ముందే దాన్ని ఇంకోచోట కాపీ చేసి పెట్టుకోండి, సేవ్ ఫైల్స్ కూడా.

రెండోది కాన్‌ఫ్లిక్ట్ సాల్వర్. రెండు మోడ్స్ ఒకే చోట చెయ్యి పెడితే రెండింటి కోడ్ పక్కపక్కనే చూపించి ఏది ఉండాలో మనల్నే ఎంచుకోమంటుంది. బాగుంది గానీ, గేమ్ స్క్రిప్ట్ కాస్తయినా చదవడం రాకపోతే అది తెరిచి కూర్చోవడం దండగ. స్క్రీన్ కూడా కొత్తవాళ్ళకి గజిబిజిగానే ఉంటుంది.

నాలుగైదు మోడ్స్‌తో ఆడేవాళ్ళకి ఇది అక్కర్లేదు, లాంచర్ చాలు. లిస్ట్ పెద్దదైతే మాత్రం వేసుకోండి. అప్‌డేట్ తర్వాత ఏది చెడిందో తెలియకపోతే సగం మోడ్స్ ఆపి చూడండి, ప్రాబ్లమ్ ఏ సగంలో ఉంటే దాన్ని మళ్ళీ సగం చేయండి, అలా వెళ్తే త్వరగానే దొరుకుతుంది. రెండు మోడ్స్ కలిస్తేనే వచ్చే గొడవ ఇలా దొరక్కపోవచ్చు, అప్పుడు లాగ్స్ ఫోల్డర్‌లో ఎర్రర్ లాగ్ తెరిచి ఏ ఫైల్ పేరు మళ్ళీ మళ్ళీ వస్తోందో చూడండి.