ట్రాన్స్‌పోజ్ బటన్ మీద చెయ్యి పెట్టకుండ్రి

వేదిక మీది పెద్దలకు, హనుమకొండ సంగీత మిత్రులకు, ముందు వరుసల కీబోర్డులు ఒళ్లె పెట్టుకొని కూసున్న పిల్లలకు నమస్కారం. పేర్లన్నీ చదువుకుంట పోతే ఇచ్చిన టైమ్ అక్కడ్నే అయిపోతది. పెద్దలు మన్నించాలె.

జాజ్‌ల మోడ్స్, అంటే అవే ఏడు స్వరాలను ఒక్కోసారి ఒక్కో స్వరం నుంచి మొదలుపెట్టుడు, దాని మీద మాట్లాడుమన్నరు. తెల్ల కీలే సి నుంచి వాయిస్తే శంకరాభరణం. అవే కీలు డి నుంచి మొదలుపెడితే ఖరహరప్రియ, జాజోళ్లు దాన్ని డోరియన్ అంటరు. ఎఫ్ నుంచి కల్యాణి, జి నుంచి హరికాంభోజి. గ్రహభేదం, అంటే సా జాగ మార్చి వేరే రాగం పుట్టిచ్చుడు, తెలిసినోళ్లకు ఇదేం బరువు కాదు. "ఖరహరప్రియ వచ్చు గద సార్, ఇంకేంది?" అన్నకాడ తిప్పలు మొదలైతయి. ఖరహరప్రియల మూడో స్వరం గాంధారానికి ఊపు (గమకం) ఉంటది, రాగానికో నడక ఉంటది. డోరియన్‌ల గాంధారం నిలబడే ఉంటది, నడక మీరే కట్టుకోవాలె. గమకం తీసేసి ఏడు స్వరాల మీద కిందికీ మీదికీ ఉరికితే అటు రాగమూ కాదు, ఇటు జాజూ కాదు.

1959 మార్చి 2న న్యూయార్క్‌ల జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందం రికార్డు చేసిన 'సో వాట్' తీసుకుందాం. మొత్తం 32 బార్లు, బారుకు నాలుగు బీట్లు. 16 డి డోరియన్, 8 ఈ ఫ్లాట్ డోరియన్, మళ్ల 8 డి. మొదట్ల బేస్ (కింది స్వరాల తీగవాద్యం) అడుగుతది, మిగిలినోళ్లు రెండు కార్డ్‌లతోని, అంటే ఒక్కసారే మోగే స్వరాల గుంపులతోని, జవాబిస్తరు, ఒగ్గుకథల వంత అందుకున్నట్టు. మొదటి కార్డ్ కింది నుంచి ఈ, ఏ, డి, జి, బి. రెండోది అదే ఆకారం దిగి డి, జి, సి, ఎఫ్, ఏ.

ఇగ నా బాధకు వస్త. ఈ ఫ్లాట్ రాంగనే మనోళ్ల ఎడమ చెయ్యి, కీబోర్డు శ్రుతి మొత్తం జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ మీదికి పోతది! పెండ్లి ప్రోగ్రాంల అలవాటు. చెయ్యి పోతే కార్డ్ తెగుతది, బటన్ ఒక బీట్ లేటయితే బేస్ ఒక శ్రుతి, మీరొక శ్రుతి. అంతకన్న పెద్ద నష్టం, చెవికి ఏం తెల్వదు. రెండు డోరియన్లకూ ఉమ్మడి స్వరాలు రెండే, ఎఫ్, సి. డిల ఎఫ్ గాంధారం. ఈ ఫ్లాట్‌ల అదే ఎఫ్ రెండో స్వరం, రిషభం. దాన్ని 16వ బార్ల పట్టుకొని 17వ బార్లకు విడవకుండా తీస్కపోతే, వేలు కదలకుండనే స్వరం రంగు మారుతది. బటన్ నొక్కినోనికి ఆ సుఖం లేదు.

తంబూర యాప్ పెట్టుకొని సాధన చేసేటోళ్లారా, ఇక్కడ సా యే డి నుంచి ఈ ఫ్లాట్‌కు జరుగుతది. ఆ 8 బార్లు డి శ్రుతి మోగితే కొట్లాటే. యాప్ బంద్ చెయ్యుండ్రి, ఎడమచేత్తోని కార్డ్ పట్టుండ్రి.

ఇంకోటి, లెక్క. పాట తిరిగి మొదటికొస్తే చివరి 8, కొత్త 16 కలిసి 24 బార్లు డి మీదనే. 96 బీట్లు! లెక్క తప్పి మునిగేది ఇక్కడ. 8 బార్లంటే ఆదితాళం నాలుగు ఆవర్తనాలు, ఒక్కో చుట్టు ఎనిమిది బీట్లు. వేళ్ల మీద పెట్టుకోండ్రి. ప్రతి నాలుగో ఆవర్తనం సగం వాయించకుండా వదిలెయ్యుండ్రి, లెక్క ఆ ఖాళీల దొరుకుతది. మొదటి వారం డి, ఈ, ఎఫ్ మూడే స్వరాలు, మెట్రోనోమ్ 80 మీద. బతుకమ్మ పాటల గుప్పెడు స్వరాలతోని ఎంత కథ నడుస్తదో మనూర్లె చెప్పాల్నా? తర్వాత బి కలుపుండ్రి. బి ఫ్లాట్ పడిందో, అది డోరియన్ కాదు, నటభైరవి.

సరే, స్విచ్ వెయ్యుండ్రి. ట్రాన్స్‌పోజ్ సున్న మీద ఉన్నదా సూస్కోండ్రి. మొదటి 16 బార్లు ఎఫ్ ఒక్కటే.