డీఫ్రాగ్ కొట్టే ముందు

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్నది మూత విప్పిన హార్డ్ డిస్కు. ముందు వరసలో పిల్లలు దగ్గరకొచ్చి చూడండి. అద్దంలా మెరుస్తున్న ఈ పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరిగేది. ఈ సన్నని చేయి చివర ఉన్న హెడ్డే రాసేది, చదివేది.

శ్రీకాకుళంలో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు రిపేరు చేస్తున్నాను. ఎక్కువమంది అడిగేది ఒకటే: "సిస్టమ్ స్లో అయిపోయింది, నెలనెలా డీఫ్రాగ్ కొట్టాలా?"

మనం పాత ఫైళ్లు చెరిపేస్తుంటే డిస్కులో అక్కడక్కడా ఖాళీలు పడతాయి. కొత్తగా పెద్ద ఫైలొస్తే ఒక్క ఖాళీలో పట్టక ముక్కలుగా సర్దుకుంటుంది. ఒక పుస్తకంలో మొదటి అధ్యాయం ఏడు రోడ్ల జంక్షన్‌లో, రెండోది అరసవల్లిలో, మూడోది ఆమదాలవలసలో దొరికితే చదివేవాడి పని ఏమవుతుంది? హెడ్ పరిస్థితీ అంతే. ఒక్కో ముక్క దగ్గరికి చేరడానికి సుమారు 13 మిల్లీసెకన్లు పడుతుంది. ఫైలు 500 ముక్కలైతే తిరగడానికే ఆరు సెకన్లు దాటిపోతుంది. ఆ ముక్కల్ని ఒకచోట చేర్చడమే డీఫ్రాగ్.

విండోస్ 98 రోజుల్లో అది తప్పనిసరి పనే. రంగురంగుల గళ్లు కదులుతుంటే రాత్రంతా చూసేవాళ్లం. మధ్యలో ఏ ప్రోగ్రామో డిస్కు మీద రాసిందంటే మళ్లీ మొదటికే. కరెంటు పోతుందేమోనని టెన్షన్ వేరే.

ఇప్పుడు మీరు కూర్చుని చేయక్కర్లేదు. విస్టా అనే వెర్షన్ నుంచి విండోస్ తనంతట తానే షెడ్యూల్ ప్రకారం చేసుకుంటుంది. విండోస్ 10, 11లో మామూలుగా వారానికోసారి. దీనికోసం వేరే సాఫ్ట్‌వేర్ కొనకండి.

హార్డ్ డిస్కు బదులు ఎస్ఎస్‌డీ, అంటే ఫ్లాష్ మెమరీ చిప్‌లలో డేటా దాచే డ్రైవు, ఉంటే అసలు కొట్టొద్దు. అందులో తిరిగే పళ్లెమూ లేదు, వెతుక్కునే హెడ్డూ లేదు. ముక్కలు ఎక్కడున్నా దాదాపు ఒకే వేగంతో అందుతాయి. పైగా ఫ్లాష్ మెమరీ ఇన్నిసార్లే రాయగలదని ఒక హద్దుంది. డీఫ్రాగ్ ఆ ఆయుష్షును ఊరికే ఖర్చు పెడుతుంది. దానికి కావలసింది ట్రిమ్, అంటే చెరిపేసిన చోటు ఏదో డ్రైవుకు చెప్పడం. అదీ విండోసే చూసుకుంటుంది. మీ డ్రైవు ఏ రకమో తెలియకపోతే స్టార్ట్‌లో డీఫ్రాగ్ అని ఇంగ్లిష్‌లో టైపు చేయండి. తెరుచుకున్న విండోలో రాసి ఉంటుంది.

ఇప్పుడు ఈ డిస్కు సంగతి. దీని అంచున ఉంగరంలా సన్నని గీత కనిపిస్తోందా? ఇది ఒక రిటైర్డ్ మాస్టారిది. స్లో అయిపోయిందని తెచ్చారు. లోపలి నుంచి టిక్ టిక్‌మని చప్పుడు వస్తోంది. నేను విన్నాను, అయినా పట్టించుకోలేదు. డీఫ్రాగ్ పెట్టి ఇంటికెళ్లిపోయాను. తెల్లారేసరికి డిస్కు కనబడటమే మానేసింది. హెడ్ పళ్లేనికి రాసుకుని ఈ గీత పడింది. ఆయన మనవరాలి అన్నప్రాసన ఫొటోలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. మాస్టారు నన్ను ఒక్క మాటా అనలేదు. "పోనీలే బాబూ, దీన్ని నువ్వే ఉంచుకో" అని వెళ్లిపోయారు. ఆ మాట ఇప్పటికీ నాకు బాధే.

డీఫ్రాగ్ అంటే డేటాను చదివి, వేరే చోట తిరిగి రాయడం. చావుబతుకుల్లో ఉన్న డిస్కు చేత రాత్రంతా బరువులు మోయించాను నేను. అందుకే ఇప్పుడు ఎవరు డిస్కు తెచ్చినా ముందు చెవి ఆనించి వింటాను, తర్వాత స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క, చూస్తాను. పాడైన సెక్టార్లు, అంటే డిస్కు మీద డేటా రాసే చిన్న చిన్న గళ్లలో చెడిపోయినవి, కనిపిస్తే డీఫ్రాగ్ జోలికి పోను.

మీ ఇంట్లో డిస్కు అలా చప్పుడు చేస్తుంటే ఇవాళే ఇంకో డ్రైవు పెట్టి ఫొటోలు కాపీ చేయండి. చేతకాకపోతే ఆపేసి, నా దగ్గరికి పట్టుకురండి. కాపీ చేయడానికి నేను డబ్బులు తీసుకోను.