కాటా సరిచేస్తే పిల్లలు చిక్కిపోయారు
(జాతీయ గణాంక దినోత్సవం నాడు అనంతపురం జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో విశ్రాంత ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే ప్రభుత్వ శిశు సంక్షేమ పథకం) సూపర్‌వైజరు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, స్టాటిస్టిక్స్ మేడం గారికి, వేదిక మీది పెద్దలకు, ఉక్కకి నోటుబుక్కుతో విసురుకుంటున్న పిల్లలందరికీ నమస్కారం. జూన్ 29 గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారి పుట్టినరోజు. ఆయన గురించి మేడం చెప్పాల్సింది చెప్పేశారు, నేను మళ్లీ చెప్పను. నాకిచ్చిన అంశం "బాలలు, యువత సంక్షేమ ధోరణుల మాపనం". కార్డులో చూసి మా ఆయన, ఇంత పెద్ద పేరా అన్నారు. నేను కాటా గురించి చెబుతాను. నాకు తెలిసింది అదే.

మా సెక్టారులో, అంటే నేను చూసుకునే అంగన్‌వాడీల్లో, ఒక కేంద్రంలో వేలాడదీసే కాటా ఉండేది. ఏమీ తగిలించకముందే దాని ముల్లు అర కిలో దగ్గర నిలబడేది. దూలానికి తాడు కట్టి, పిల్లను గుడ్డ సంచిలో కూర్చోబెట్టి వదిలితే, ఇక చూడండి, పిల్ల ఏడుపు, ముల్లు ఊగులాట. టీచరమ్మ ఆ ఊగే ముల్లు ఎక్కడ ఆగుతుందో అంచనా వేసి ఒక అంకె రాసేది. ఎనిమిది కిలోల బిడ్డకి అర కిలో కలిసిందంటే ఎదుగుదల చార్టులో చుక్క పై రంగులోకి, అంటే బరువు బాగున్న పిల్లల్లోకి, ఎక్కేస్తుంది. కొన్నాళ్లకి కొత్త కాటాలు వచ్చాయి. ఆ నెల నా రిపోర్టులో తక్కువ బరువు పిల్లలు పెరిగారు. పిల్లలు వాళ్లే, తిండీ అదే.

రివ్యూ మీటింగులో ఒక అధికారి, పేరెందుకులెండి, నన్ను నిలబెట్టారు. "జిల్లా అంతా తగ్గుతుంటే నీ దగ్గరే ఎందుకు పెరిగారమ్మా?" కొత్త కాటా సంగతి చెప్పాను. "కాటా మీదికి నెట్టకు" అన్నారు. మెమో నాకొచ్చింది కానీ అందులోని హెచ్చరిక సెక్టారులో టీచర్లందరికీ అందింది. మరుసటి నెలకి ఏ రిజిస్టరు తెరిచినా పిల్లలు బొద్దుగా ఉన్నారు. దగ్గరుండి మళ్లీ తూకం వేయిస్తే, ఈమెతో వేగలేం అన్నారు. ఎక్కడ మైకు ఇచ్చినా ఇదే చెబుతానని మావాళ్లు నవ్వుతారు. నవ్వనీండి.

కాగితం మీద ఐదు పాయింట్లు రాసుకొచ్చాను, ఇంకా మొదటిదే అవలేదు. సరే, సర్వేల సంగతికొస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో మొదలైంది. ఆ విడతలో ఎత్తు కొలిచే బోర్డులు సమయానికి అందక మన ఆంధ్రప్రదేశ్‌తో పాటు మరికొన్ని రాష్ట్రాల్లో పిల్లల ఎత్తే కొలవలేదు. మొదటిసారి నాలుగేళ్లలోపు వాళ్లను తీసుకున్నారు, 1998-99లో మూడేళ్లలోపు, 2005-06 నుంచి అయిదేళ్లలోపు. ఈలోగా 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల ప్రమాణాలనే మార్చింది. పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టి గీత గీసేముందు ఇవన్నీ సరిచూడాలి. సరిచూశాక దేశంలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 2005-06లో 48 శాతం, 2015-16లో 38.4, 2019-21లో 35.5. ఈ చివరి రెండు విడతల మధ్య మన దగ్గర 31.4 నుంచి 31.2, అంటే కదల్లేదు. తెలంగాణలో 28 నుంచి 33.1కి పెరిగింది. ఎందుకు పెరిగిందని అడగాలి, గట్టిగా అడగాలి. అడిగేటప్పుడు మాత్రం మా అధికారి అడిగినట్టు అడగొద్దు.

ఎత్తు అంటే గుర్తొచ్చింది. వేరుశెనగ పీకే రోజుల్లో ఒక పాపను కొలిచాం. రెండేళ్ల లోపైతే పడుకోబెట్టి కొలవాలి, దాటితే నిలబెట్టి. ఆ రెండింటికీ 0.7 సెంటీమీటరు తేడా. పాప పొడవు 78.5. పుట్టిందెప్పుడని అడిగితే తల్లి "ఇట్లే శెనక్కాయ పీకేటప్పుడే మేడం" అంది. అవ్వ లోపల్నుంచి "కాదు, సంక్రాంతి పోయినాక" అంది. తల్లి మాట ప్రకారం పాపకి 24 నెలలు. ఆ వయసు ఆడపిల్లకి 80 సెంటీమీటర్ల లోపుంటే ఎదుగుదల లోపం కిందే లెక్క. అవ్వ మాట ప్రకారం 21 నెలలు, హద్దు 77.5. పాప బాగున్నట్టే! ఇంట్లో అత్తాకోడళ్లు తేల్చుకునేదాకా ఆ బిడ్డ ఏ గడిలో పడుతుందో తెలీదు. చివరికి టీకాల కార్డు బియ్యం డబ్బాలో దొరికింది. తల్లి చెప్పిందే నిజం.

రక్తహీనత కథ ఇంకా పెద్దది. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో 58.6 శాతం మందికి ఉందన్నారు. వేలికొసన చుక్క రక్తం తీసి చూశారు. దాదాపు అదే కాలంలో, 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో నరం నుంచి రక్తం తీసి ల్యాబుకు పంపారు. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 41 శాతం దగ్గర తేలింది. వయసులు కొంచెం అటూ ఇటూ ఉన్నాయనుకోండి, అయినా అంత తేడానా? 2019-21లో మళ్లీ వేలి చుక్కతో 67.1 వచ్చింది. ఆ తర్వాతి విడతలో ఆ పరీక్షే తీసేశారు. నా గోడు ఇదే. పద్ధతి తప్పనిపిస్తే మంచి పద్ధతి తెండి, కానీ కొన్నాళ్లు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపండి. లేకపోతే పాతికేళ్ల గీత మధ్యలో తెగిపోతుంది.

ప్రథమ్ సంస్థ వాళ్ల అసర్ సర్వేని నేను ఇందుకే మెచ్చుకుంటాను. 2005 నుంచి పల్లెల్లో పిల్లల ఇళ్లకే వెళ్లి ఒకే తీరుగా రెండో తరగతి స్థాయి పాఠం చదివిస్తున్నారు. మన ఉమ్మడి రాష్ట్రంలో 2002లో యంగ్ లైవ్స్ పేరుతో 3,000 మంది పిల్లల్ని ఎంచుకుని, వాళ్లనే మళ్లీ మళ్లీ కలుస్తూ వస్తున్నారు. అందులో మన అనంతపురం కూడా ఉంది. ఏడాది వయసులో గిడసబారిన పిల్లల్లో కొందరు తర్వాత పుంజుకున్నారని దానివల్లే తెలిసింది. ఏటేటా వేరే పిల్లల్ని కొలిస్తే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటడుగుతాను, చేతులెత్తండి. అయిదేళ్లు దాటాక మార్కులు కాకుండా ఇంకేదైనా మీ గురించి ఎవరైనా వరసగా రాసిపెట్టారా? నిద్ర, ఆకలి, దిగులు? వెనక బెంచీ అబ్బాయి ఒక్కడు ఎత్తాడు. ఎన్‌సీసీలో ఛాతీ కొలిచారా నాయనా? సరే, కూర్చో. అదీ పరిస్థితి. అంగన్‌వాడీ దాటిన పిల్ల పదిహేనేళ్లకి కుటుంబ ఆరోగ్య సర్వేలో మళ్లీ కనబడుతుంది. మధ్యలో పదేళ్లు ఎక్కడికి పోయినట్టు? నేను చెప్పిన పోషకాహార సర్వే 19 ఏళ్ల దాకా చూసింది, అదీ ఒక్కసారి. ఇంటర్ హాస్టల్లో అమ్మాయి అన్నం మానేస్తే తెలిసేది వార్డెనుకే, ఆవిడ రిజిస్టర్లో దానికి గడి లేదు.

టైమైందని మేడం సైగ చేస్తున్నారు. మిగతా నాలుగు పాయింట్లు వదిలేస్తున్నాను. ప్రిన్సిపాల్ గారూ, ఒక్క విన్నపం. ఈ ఏడాది ప్రాజెక్టు వర్కుకి ఈ పిల్లల్ని చుట్టుపక్కల అంగన్‌వాడీలకు పంపండి. ముందు అనుమతి తీసుకోండి. తనిఖీకి వచ్చినట్టు కాకుండా టీచరమ్మకి సాయానికి వచ్చినట్టు వెళ్లాలి. ముద్ర ఉన్న అయిదు కిలోల తూకపు రాయి వెంట తీసుకెళ్లి కాటా మీద పెట్టండి, ఎంత చూపిస్తే అంత రాసుకురండి. ఒకే బిడ్డను ఇద్దరు విడివిడిగా కొలిచి, తేడా ఎంతొచ్చిందో చూడండి. ఎలా కొలవాలో నేర్పడానికి నేను వస్తాను, బస్సు ఛార్జీ కూడా అక్కర్లేదు. పేరిచ్చేవాళ్లు భోజనాలయ్యాక మేడం దగ్గర రాయించండి.