తరగతికో టీచరు ఎప్పుడు?

(స్టూడియో చర్చ నుంచి. పాల్గొన్నవారు: రిటైర్డ్ హెడ్‌మాస్టర్, ప్రకాశం జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాల కమిటీ సభ్యురాలు, విద్యారంగం చూసే విలేకరి.)

యాంకర్: నమస్కారం. 2024 జూన్‌లో నారా లోకేశ్ ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ తీసుకున్నాక టీచర్ల నియామకానికి మెగా డీఎస్సీ, తల్లికి వందనం, 117 జీవో రద్దు, మధ్యాహ్న భోజనంలో సన్నబియ్యం... చాలానే జరిగాయి. అన్నీ పక్కనపెట్టి, ఒక్క పనే ముందు చేయాలంటే ఏది? మాస్టారూ, మీరు చెప్పండి.

హెడ్‌మాస్టర్: ప్రాథమిక బడిలో తరగతికో టీచరు. ఇంకేమీ అడగను. నా సర్వీసులో పదకొండేళ్లు ఏకోపాధ్యాయ పాఠశాలలోనే గడిచాయి. ఒకటో తరగతికి అఆలు దిద్దిస్తుంటే ఐదో తరగతి వాళ్లు వాళ్లలో వాళ్లే ఎక్కాలు అప్పజెప్పుకునేవాళ్లు. మూడో తరగతి వాడు ఈలోగా గోడ దూకి పోయేవాడు. రికార్డులో మాత్రం ‘బహుళ తరగతి బోధన’ అని రాసేవాణ్ని. పేరు బాగుంటుంది కదండీ.

విలేకరి: అందులో మాస్టారి తప్పు లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉంటే చాలు. పిల్లల్ని లెక్కపెట్టారు గానీ తరగతుల్ని లెక్కపెట్టలేదు. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. చట్టం ప్రకారం అంతా సక్రమమే!

యాంకర్: అందుకే కదా డీఎస్సీ? 16,347 పోస్టులు.

విలేకరి: ఆ అంకెను కాస్త విప్పి చూడాలి. అందులో ఎస్‌జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్టులు 6,371. స్కూల్ అసిస్టెంట్లు అంతకంటే ఎక్కువ, 7,725. చిన్న తరగతులకు చెప్పేది ఎస్‌జీటీలు. హైస్కూళ్లకూ ఖాళీలున్నాయి కాబట్టి ఇది తప్పనను. కానీ ఊళ్లో వాళ్లు ‘పదహారు వేల మంది టీచర్లు’ అని విని, మన బడికీ ఒకరొస్తారని ఎదురుచూస్తారు.

సభ్యురాలు: మేమూ అలాగే చూశాం సార్.

యాంకర్: వచ్చారామ్మా?

సభ్యురాలు: వచ్చారు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

యాంకర్: సరే. 117 జీవో మాటేమిటి? మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపేశారని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది.

హెడ్‌మాస్టర్: ఆలోచన పూర్తిగా చెడ్డదని నేననను. ఇరవై మంది పిల్లలతో ఐదు తరగతులు నడిపేకన్నా ఒకచోట చేర్చి, మూడు నుంచే సబ్జెక్టు టీచర్ని ఇస్తామన్నారు. కాగితం మీద నేనైనా సంతకం పెట్టేవాణ్నే.

సభ్యురాలు: మీరు పెడతారు మాస్టారూ, నడిచేది మా పాప. ఎనిమిదేళ్ల పిల్ల హైవే దాటి వెళ్లాలి. రోజూ ఒకళ్లం కూలి మానుకుని దింపి రావాలి. ఆ ఏడాదే మా వీధిలో నలుగురు పిల్లలు ప్రైవేటు బడి బస్సెక్కారు. బస్సు ఇంటి ముందుకే వస్తుంది మరి.

విలేకరి: 2025లో ఆ జీవో తీసేసి, తొమ్మిది వేలకు పైగా మోడల్ ప్రైమరీ స్కూళ్లలో తరగతికో టీచరు ఉండేలా చేశామంటున్నారు. దిశ సరైనదే. నా అనుమానమల్లా మిగతా బడుల గురించే. పిల్లలు తక్కువని టీచర్నివ్వరు, టీచరు లేడని పిల్లలు రారు.

యాంకర్: డబ్బు సంగతికొద్దాం. తల్లికి వందనం కింద తొలి ఏడాది 67 లక్షల మందికి పైగా పిల్లలకు ఇచ్చారు. తలా 15 వేలు, అందులో రెండు వేలు బడి నిర్వహణకు పోగా తల్లి ఖాతాలో 13 వేలు. ఆ సొమ్ముతో టీచర్లనే పెట్టొచ్చు కదా అనేవాళ్లున్నారు.

సభ్యురాలు: అనేవాళ్లకు పిల్లలు లేరేమో. (నవ్వులు) నాకిద్దరు సార్. పెద్దాడు ప్రైవేటులో, చిన్నది సర్కారు బడిలో. ఇద్దరికీ పడ్డాయి. నిజం చెబుతున్నా, చిన్నదాని డబ్బు కూడా పెద్దాడి ఫీజుకే పోయింది.

విలేకరి: చూశారా! సర్కారు బడి పిల్ల పేరున వచ్చిన డబ్బు ప్రైవేటు బడికి చేరింది. ఆవిడను తప్పుపట్టలేం. పథకం అక్కడిదాకా ఆలోచించలేదు.

హెడ్‌మాస్టర్: 2019లో ఒంగోలులో బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైంది. మొదటి విడతలోనే పదిహేను వేలకు పైగా బడులు బాగుపడ్డాయి. నీళ్లు, మరుగుదొడ్లు, బెంచీలు వచ్చాయి. ఆడపిల్లల కోసమైనా అవి కావాల్సిందే, కాదనను. కానీ ఆ మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించే పని ఎవరికి పడింది? నాకు! ఇటు హాజరు, అటు కోడిగుడ్ల లెక్క. సిగ్నల్ కోసం డాబా ఎక్కితే కింద తరగతిలో గోల. ప్రభుత్వాలు మారినా టీచరు చేతిలో ఫోన్ అలాగే ఉంది.

విలేకరి: పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే అసర్ సర్వే చూడండి. దేశవ్యాప్తంగా గ్రామాల్లోని ప్రభుత్వ బడుల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. పెరిగింది, సంతోషమే. అయినా నలుగురిలో ముగ్గురు చదవలేకపోతున్నారు. నేనైతే మంత్రిగారి బల్ల మీద రోజూ ఈ ఒక్క అంకే పెడతాను. మెగా పీటీఎంలో, అంటే తల్లిదండ్రులు-టీచర్ల సమావేశంలో ఎంతమంది ఫొటో దిగారన్నది తర్వాత చూసుకోవచ్చు.

సభ్యురాలు: ఆ మీటింగు మంచిదే సార్. మొదటిసారి బడిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పాప మార్కులు చదివి వినిపించారు.

యాంకర్: టైమ్ దగ్గరపడింది. అమ్మా, ఇందాక కొత్త టీచరు గురించి చెబుతానన్నారు.

సభ్యురాలు: కుర్రాడే. బాగా చెప్పేవాడు. మా పాప ఇంటికొచ్చి కథలు చదివి వినిపించేది. మూడు నెలలు తిరక్కుండానే పనిసర్దుబాటు అని పక్క ఊరి బడికి పంపారు, అక్కడ అసలెవరూ లేరట. ఆ ఊరోళ్లకీ పిల్లలున్నారు కదా, ఏమని అడుగుతాం? ఇప్పుడు మళ్లీ పెద్ద టీచరమ్మ ఒక్కరే, ఐదు తరగతులూ ఒకే గదిలో.