మిద్దె ఎక్కి చూసిన తరువాతే బేరం

శ్రోతలకు నమస్కారం.

పోయిన ఏడాది స్వాతి కార్తె వానలు రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి వెలిసిన మరునాడు, కడపలో మా పెద్దమ్మ ఇంటి ముందు ఇద్దరు మనుషులు మోటారు సైకిలు ఆపారు. పక్క వీధిలో ఒక మిద్దెకు నీళ్లు దిగకుండా మందు పూసి వాటర్‌ప్రూఫింగ్ చేశామని, ఆ మందు కొంత మిగిలిందని, ఈ రోజే ఒప్పుకుంటే సగం ధరకు పూసి పోతామని చెప్పారు. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె మిద్దె ఎక్కి మూడేళ్లయింది. ఇద్దరిలో ఒకడు తానొక్కడే పైకి వెళ్లి, అరచేతి వెడల్పున ఒక సిమెంటు పెచ్చు తెచ్చి చూపించి, "అమ్మా, ఇంకొక్క పెద్ద వాన పడితే ఈ స్లాబు నిలవదు" అన్నాడు. ఆమె భయపడి 20,000 రూపాయలు ఇచ్చింది. సాయంత్రానికి మిద్దె తెల్లగా మెరిసింది. తరువాతి వానకు ఆ తెలుపంతా సున్నపు తేటలా కరిగి పిట్టగోడ తూములోంచి పోయింది. వంటింట్లో మునుపు ఉరిసిన చోటే మళ్లీ ఉరిసింది. వాళ్లు ఇచ్చిన ఫోను నంబరు పలకలేదు. ఆ పెచ్చు మా మిద్దెదో, వాళ్లు సంచిలో తెచ్చుకున్నదో మాకు ఈనాటికీ తెలియదు.

మట్టి మిద్దెల కాలంలో మన సీమలో వానలకు ముందే చౌడు మన్ను తోలించి మిద్దె మీద పరిచేవారు. మిరపకాయలు ఆరబోయడానికీ, ఎండాకాలం రాత్రి పడుకోవడానికీ రోజూ ఎక్కేవారు కనుక, ఏ మూల నీళ్లు నిలుస్తాయో ఇంట్లో పిల్లలకు కూడా తెలిసేది. స్లాబులు వచ్చాక మిద్దె మన కంటికి దూరమైపోయింది. వాన వెలిసిన మరునాడు పిలవకుండా గడప దగ్గరికి వచ్చేవాడు నమ్ముకునేది ఆ దూరాన్నే. అందువల్ల అతడు ఒంటరిగా పైకి పోకూడదు. మీరు ఎక్కలేకపోతే ఇంట్లో కుర్రవాడినో, నమ్మకమైన పొరుగువారినో వెంట పంపి, ప్రతి బీటనూ ఫోనులో ఫొటో తీయించండి.

ఇక కారేది ఎందుకో తెలుసుకోకుండా మందు ధర అడగడం వృథా. ఎండకు సాగి, చలికి ముడుచుకొనే స్లాబు ఎక్కువగా పిట్టగోడ కలిసే మూలలోనే విడుతుంది. నీళ్లు తూము వైపు వాలకపోయినా, తూములో ఆకులు అడ్డుపడినా నీరు నిలిచి లోపలికి దిగుతుంది. స్లాబులోకి దిగిన నీరు పక్కలకు పాకి ఎక్కడో తేలుతుంది కాబట్టి, కింద మరక ఉన్న చోటికి సరిగ్గా పైన రంధ్రం ఉండాలని లేదు. వాన చుక్క లేని వేసవిలో కూడా ఆ మరక చెమ్మగా ఉంటే తప్పు మిద్దెది కాకపోవచ్చు, నీళ్ల ట్యాంకుదో గొట్టానిదో కావచ్చు. ఆ మాట అడగకుండా మిద్దె మొత్తానికి లెక్క కట్టేవాడిని నమ్మకండి. పైకప్పు పెచ్చులూడి తుప్పు పట్టిన కమ్మి కనిపిస్తుంటే పైపూత ఏమాత్రం పనికిరాదు. తుప్పు ఉబ్బి కాంక్రీటును ఇంకా చీలుస్తుంది. అక్కడ ముందు ఒక సివిల్ ఇంజనీరుకు ఫీజు ఇచ్చి చూపించడమే మేలు.

కొలతల్లో జరిగే మోసం మరీ సులువైనది. టేపు ఒక కొన మీరే పట్టుకోండి. మిద్దె 30 అడుగులకు 40 అడుగులు ఉంటే 1,200 చదరపు అడుగులు. మందు డబ్బా మీద ఒక లీటరు రెండు పూతలకు 25 చదరపు అడుగులకు వస్తుందని రాసి ఉందనుకుందాం; అప్పుడు 48 లీటర్లు కావాలి. అతడు 20 లీటర్ల డబ్బా ఒక్కటే తెచ్చి నీళ్లు కలుపుతున్నాడంటే, మీ మిద్దె మీద పడుతున్నది మందు కాదు. డబ్బాలు మీరే అంగట్లో బిల్లుతో కొనండి, తయారీ తేదీ చూడండి, పని అయ్యేదాకా ఖాళీ డబ్బాలు పారేయకండి. సిమెంటు విషయంలోనూ అంతే: ఎర్రగుంట్ల ఫ్యాక్టరీలు మనకు దగ్గరే అయినా, అంగట్లో నెలల తరబడి చెమ్మలో ఉన్న బస్తా బలం కోల్పోతుంది.

పదేళ్ల గ్యారంటీ అని అచ్చు వేసిన కాగితం మీద చిరునామా లేకపోతే అది ఎందుకూ కొరగాదు. ఎన్ని పూతలు, ఏ మందు, ఎన్ని రోజులు, మళ్లీ కారితే ఎవరు వచ్చి చేస్తారు అన్నవి రాయించి సంతకం తీసుకోండి. డబ్బు విడతలుగా, బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో ఇవ్వండి. నిజాయితీగా పని చేసే బేల్దారులు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లెవరూ ఈ షరతులకు నొచ్చుకోరు.

మోసపోయాక ఊరుకోనక్కర లేదు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, పని చేసినవాడు ఏ ఊరివాడైనా, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు.

ఈ వేసవిలో పెద్దమ్మ మిద్దెను తెలిసిన బేల్దారి మేస్త్రి ఒకరు బాగు చేశారు. పని అయ్యాక తూములు మూసి, రెండు అంగుళాల నీళ్లు రెండు రోజులు నిలిపారు. బండలు పరిచిన పాత మిద్దెలకు ఈ పరీక్ష వద్దు. పది అడుగుల చదరపు గది మీద అన్ని నీళ్లు నిలిపితే 470 కిలోల బరువు పడుతుంది. మూడో రోజు ఉదయం పెద్దమ్మ స్టూలు వేయించి, మా తమ్ముడిని ఎక్కించి, వంటింటి పైకప్పును చేత్తో తడిమి చూడమంది. పొడిగా ఉందని వాడు చెప్పాకే ఆమె మిగిలిన డబ్బు లెక్కపెట్టి మేస్త్రి చేతిలో పెట్టింది.